జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్ (స్ప్రింగుల దగ్గర బండి ఎత్తు పెంచడం) వేయిద్దామనుకుంటున్నా, ఏ పార్టులు తీసుకోవాలి?

ఎర్రమట్టి
అందరికీ నమస్తే. నా దగ్గర ఐదు డోర్ల మారుతి జిమ్నీ ఉంది, కొన్నప్పట్నుంచి ఏమీ మార్చలేదు, టైర్లు కంపెనీవే 195/80 ఆర్15, స్ప్రింగులూ షాకులూ కూడా కంపెనీవే. వారమంతా తారు రోడ్డు మీదే తిరుగుతుంది, నెలకి రెండు మూడు సార్లు మాత్రం అడవి దారులు, వాగులు, రాళ్లు. పోయిన నెల ఒక మట్టి గట్టు దాటుతుంటే పొట్ట ఆనుకుపోయింది, ముందు చక్రాలు అటు దిగాయి వెనక చక్రాలు ఇటు ఉండిపోయాయి, చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి తప్ప బండి కదల్లేదు, చివరికి ఇంకో బండికి తాడు కట్టి లాగించాం. అప్పట్నుంచి లిఫ్ట్ మనసులో పడింది.

నాకు మూడు దార్లు కనిపిస్తున్నాయి. స్ప్రింగుల మీద స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) మాత్రం పెట్టి పాతవన్నీ అలాగే ఉంచేయడం ఒకటి. కొత్త స్ప్రింగులు కొత్త షాకులు వేసి అక్కడితో ఆపడం ఇంకోటి. లేదంటే కాస్టర్ బుష్‌లు (ముందు ఇరుసు వాలు సరిచేసే రబ్బరు కీళ్లు), అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్లు (ఇరుసు పక్కకి జరగకుండా పట్టుకునే కడ్డీలు), పొడుగు బ్రేక్ పైపులు, బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మ) స్పేసర్లు అన్నీ కలిపి వచ్చే ఫుల్ కిట్. ముందు ముందు ఇనప బంపరు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) కూడా పెట్టాలని ఉంది. ఇంట్లో నలుగురం, లగేజీ వేసుకుని దూరాలు కూడా వెళ్తాం. వీటిలో ఏది అవసరం ఏది దండగ, చేసినవాళ్లు చెప్పండి.

కొత్తచక్రం
బ్రో ఎలాగూ విప్పుతున్నావు కదా 2 ఎందుకు, ఒకేసారి 4 వేయించేయ్. రెండోసారి లేబర్ తప్పుతుంది, పెద్ద టైర్లు కూడా పడతాయి.

రాళ్లదారి
4 గురించి తర్వాత మాట్లాడదాం, ముందు ఒక సంగతి తేల్చుకో. జిమ్నీకి ముందూ వెనకా రెండూ రిజిడ్ యాక్సిల్సే, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. స్ప్రింగులు పొడుగువి వేస్తే ఛాసిస్, బాడీ లేస్తాయి, యాక్సిల్ మాత్రం నేలకి ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది, డిఫరెన్షియల్ హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో గేర్లు ఉండే ఉబ్బు) కింద ఖాళీ వెంట్రుకంత కూడా పెరగదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 195/80 ఆర్15 ఎత్తు దాదాపు 693 ఎంఎం, 215/75 ఆర్15 అయితే 703, 235/75 ఆర్15 అయితే 733. అంటే 235కి వెళ్తే ఎత్తు తేడా 40, అందులో సగం, 20 ఎంఎం మాత్రమే యాక్సిల్ కింద కలిసొస్తుంది. 215కి అయితే 5 ఎంఎమ్మే. రాళ్ల మీద హౌసింగ్ తగులుతోంది అని ఎవరైనా లిఫ్ట్ వేయిస్తే డబ్బులు పోయినట్టే, అందుకే అడుగుతున్నా, నీకు తగిలింది కచ్చితంగా పొట్టేనా?

ఎర్రమట్టి
పొట్టే అన్నా. కింద దూరి చూశాను, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా) దగ్గర క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ కమ్మీ) మీద మట్టి గీసుకుపోయిన గుర్తు ఉంది, హౌసింగ్‌లకి ఏమీ లేదు.

రాళ్లదారి
అయితే నీకు లిఫ్ట్ పనికొస్తుంది. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2590 ఎంఎం. మధ్యలో పొట్ట ఎత్తు ఉజ్జాయింపుగా 275 అనుకో, గట్టు మధ్యలో ఆనకుండా దాటగల కోణం దాదాపు 24 డిగ్రీలు వస్తుంది. 50 ఎంఎం లేపితే 28 దాకా వస్తుంది. నాలుగు డిగ్రీలేనా అనిపిస్తుంది గానీ గట్టు మీద ఆ నాలుగే దాటడానికీ ఇరుక్కోవడానికీ తేడా. మూడు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ 2250, అదే ఎత్తులో అది ఇంకా సులువుగా దాటుతుంది, పొడుగు బండి కొన్నందుకు మనం ఇచ్చుకునే మూల్యం ఇది. స్పేసర్ల గురించి వేరేవాళ్లు చెప్తారు, నేను వాడలేదు.

నాలుగోగేర్
నేను వాడాను, చెప్తాను. నాది వేరే కాయిల్ స్ప్రింగ్ బండి, రెండేళ్ల కింద 50 ఎంఎం స్పేసర్లు నాలుగు పక్కలా వేయించాను, షాకులు పాతవే. వేసిన మనిషి ఏమీ కాదు అన్నాడు, నేనూ నమ్మాను. ఎత్తు వచ్చింది నిజమే, చూడ్డానికీ బాగుంది. కానీ షాకు పొడవు మారలేదు కదా, బండి నిలబడ్డ ఎత్తు 50 పెరిగింది కాబట్టి చక్రం కిందికి వేలాడడానికి మిగిలిన దూరంలోంచి ఆ 50 పోయింది. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ షాకు పూర్తిగా సాగిపోయి పైనుంచి టక్ టక్ మని శబ్దం, నేను ఏదో బుష్ పోయిందనుకుని మూడు నెలలు దాన్నే వెతికాను. రాళ్ల మీద ఒక చక్రం గాల్లోకి లేచేది, ఇంతకుముందు అదే రాయి మీద నాలుగూ నేల మీదే ఉండేవి. అంటే లిఫ్ట్ వేసి ఆఫ్‌రోడ్‌లో బండిని ముందుకంటే పాడు చేసుకున్నా. ఐదో నెలలో వెనక షాకు కింద ఐ బుష్ (కొస రంధ్రంలోని రబ్బరు) చిరిగిపోయింది, ముందు షాకు సీల్ దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. మళ్లీ అంతా విప్పి స్ప్రింగులు, షాకులు కొన్నాను, రెండుసార్లు లేబర్, రెండుసార్లు అలైన్‌మెంట్. ఎర్రమట్టి బ్రో, నువ్వు ఆ మొదటి దారి మర్చిపో.

స్పానర్‌సెట్
నాలుగోగేర్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, నా దగ్గరికి ఇలాంటి బండ్లు వస్తూనే ఉంటాయి. స్పేసర్ వల్ల స్ప్రింగు గట్టిపడదు, అది అదే స్ప్రింగు, అదే బలం, ఉన్న చోటు మారింది అంతే. 15, 20 ఎంఎం స్పేసరు, వించి పెట్టాక ముందు కొంచెం వంగింది, లెవెల్ చేసుకోవాలి అంటే వాడొచ్చు, అంతవరకే.

షాకు ఎంచుకునేటప్పుడు అందరూ కంపెనీ పేరు అడుగుతారు, పొడవు అడిగేవాడు ఒక్కడూ కనపడడు. రెండు కొలతలు కావాలి, పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎంత, పూర్తిగా సాగినప్పుడు ఎంత. నేను చేసే పద్ధతి ఇది: ఛాసిస్ కింద గట్టి స్టాండులు పెట్టి, స్ప్రింగులు తీసేసి, యాక్సిల్ కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ బాగా నొక్కుకునేదాకా లేపుతాను. అప్పుడు షాకు పై బోల్టు నుంచి కింద బోల్టు దాకా కొలుస్తాను. నువ్వు కొనే షాకు నొక్కుకున్న పొడవు దానికంటే కనీసం 10, 15 ఎంఎం తక్కువ ఉండాలి. లేకపోతే గుంతలో పడినప్పుడు బంప్ స్టాప్ కంటే ముందు షాకు లోపల పిస్టన్ అడుగుకి కొట్టుకుంటుంది, ఒక దెబ్బకి పోవచ్చు, షాకు మౌంటు కూడా ఛాసిస్ నుంచి ఊడొచ్చు. పొడుగు షాకుకి నొక్కుకున్న పొడవు కూడా సాధారణంగా ఎక్కువే ఉంటుంది, అందుకే పొడుగు షాకు వేస్తే బంప్ స్టాప్‌ని కూడా కిందికి దించాలి. నీ ఫుల్ కిట్‌లో బంప్ స్టాప్ స్పేసర్లు ఇచ్చేది అందుకే, అవి దండగ కాదు.

ఒక పక్క మాత్రమే లేపి కూడా చూడు, రెండు పక్కలా ఒకేసారి లేపితే తెలియని విషయాలు ఒక పక్క నొక్కి ఇంకో పక్క వేలాడదీస్తే తెలుస్తాయి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి టైరు ఎక్కడ రాసుకుంటుందో అప్పుడే చూసుకో. బంప్ స్టాప్ ఎంత దించాలో చాలాసార్లు షాకు కాదు, టైరే చెప్తుంది.

కిందికి వేలాడే పక్క సంగతి వేరు. చాలా కాయిల్ బండ్లలో చక్రం ఎంత వేలాడాలో ఆపేది షాకే. మరీ పొడుగుది వేస్తే బ్రేక్ పైపు బిగుసుకుంటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కి శక్తి తెచ్చే గొట్టం) క్రాస్, అంటే దాని కీలు, హద్దు దాటి వంగుతుంది, స్ప్రింగు వదులై సీటులోంచి పక్కకి జరిగిపోతుంది. కాబట్టి ఎంత పొడుగైతే అంత మంచిది అనుకోవద్దు, స్ప్రింగు ఇంకా కొంచెం బిగుతుగా ఉండగానే షాకు ఆగాలి.

ఎర్రమట్టి
చాలా థాంక్స్ అన్నా, స్పేసర్లు వద్దు, అది తేలిపోయింది. స్ప్రింగుల్లో లైట్, మీడియం, హెవీ అని రకాలు ఉన్నాయి, ఎలాగూ బంపరు వించి పెడతాను కదా ఇప్పుడే హెవీ తీసుకుంటే మంచిదా?

వానచినుకు
వద్దండి, నేను చేసిన తప్పు అదే. ఓల్డ్ మ్యాన్ ఈమూ లాంటి కంపెనీలు ఒకే బండికి బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులు ఇస్తాయి, అందులో ఎంచుకునేది ఎత్తు కాదు, బరువు. మా బండికి వెనక డ్రాయర్లు, రెండో బ్యాటరీ, నీళ్ల ట్యాంకు పెడదామని ప్లాన్ వేసుకుని అవేవీ పెట్టకముందే హెవీ స్ప్రింగులు వేయించాం. ఏడాది పాటు ఖాళీ బండితో తిరిగాం. వెనక చక్రాలు గరుకు దారి మీద నేలని పట్టుకునేవే కావు, ఒకదాని వెనక ఒకటి చిన్న చిన్న గతుకులు ఉన్న మట్టి రోడ్డులో మలుపు తిప్పితే వెనక భాగం పక్కకి జరిగేది, వాన పడ్డ రోజు నిజంగా భయం వేసింది. వెనక కూర్చున్న పిల్లలకి వాంతులు. పైగా వెనక అనుకున్న 2 అంగుళాలు కాకుండా 3 దగ్గర నిలబడింది, అది ఇంకో తలనొప్పి.

ఒక లెక్క చెప్తాను. ముందు రెండు స్ప్రింగులూ కలిపి ఒక్కో ఎంఎం కుంగడానికి 4 కేజీలు కావాలనుకోండి. బంపరు, వించి కలిపి 60 కేజీలు పెట్టారు, 15 ఎంఎం కుంగుతుంది. బంపరు యాక్సిల్‌కి ముందు వేలాడుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే. అంటే 50 లిఫ్ట్‌లో చేతికి మిగిలేది 35 లోపు. అదే 60 కేజీలు ముందుగానే లెక్కలో వేసుకుని స్ప్రింగు తీసుకుంటే బంపరు పెట్టాక 50 వస్తుంది, కానీ పెట్టేదాకా 65 ఎత్తులో నిలబడుతుంది. ఏది ఎప్పుడు పెడతారో నిజాయితీగా తేల్చుకుని అప్పుడు కొనండి.

బండిని కాటా మీదికి తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, వెనకవి మాత్రం ఎక్కించి ఒకసారి, ఖాళీగానూ, మామూలుగా మీరు ప్రయాణం చేసే మనుషులతో లగేజీతోనూ. ఆ నాలుగు అంకెలు చేతిలో ఉంటే స్ప్రింగులు అమ్మేవాడు మిమ్మల్ని తప్పుదారి పట్టించలేడు.

ఎర్రమట్టి
వానచినుకు గారు, ఇది ఎవరూ చెప్పలేదండి. ఈ వారమే కాటా వేయిస్తాను.

పాతజీపు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను కమాన్ పట్టీల జీపులతో మొదలుపెట్టినవాణ్ణి, కాయిల్ బండికి వచ్చాక మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సొచ్చింది. ఎర్రమట్టి తమ్ముడూ, నీ లిస్టులో అన్నిటికంటే ముఖ్యమైనది కాస్టర్, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది చూడు, చేతులు వదిలేసినా సైకిల్ తిన్నగా వెళ్లడానికి ఆ వాలు కూడా సాయపడుతుంది. కారుకీ అంతే, స్టీరింగ్ తిప్పి వదిలితే దానంతటది మధ్యకి రావడం, వేగంలో తిన్నగా పోవడం కాస్టర్ చేసే పని. జిమ్నీకి ముందు యాక్సిల్‌ని రెండు రేడియస్ ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి, అవి వెనక ఛాసిస్‌కి ఒక్కో బుష్‌తో కట్టి ఉంటాయి, యాక్సిల్ దగ్గర మాత్రం ఒక్కో ఆర్మ్‌కి రెండేసి బుష్‌లు. అందువల్ల ఆర్మ్ ఎంత కోణం తిరిగితే యాక్సిల్ కూడా అంతే తిరుగుతుంది. బండిని లేపావంటే ఆర్మ్ ముందు కొస కిందికి దిగుతుంది, యాక్సిల్ పైభాగం ముందుకి వాలుతుంది, కాస్టర్ తగ్గుతుంది. ఆర్మ్ పొడవు 800 ఎంఎం అనుకుంటే 50 ఎంఎం లిఫ్ట్‌కి దాదాపు 3.5 డిగ్రీలు. మొదట ఉన్నదే కొద్ది డిగ్రీలు, అందులోంచి ఇంత పోతే ఏం మిగులుతుంది. 80 వేగంలో బండి దారి మీద తేలినట్టు అటూ ఇటూ పోతుంది, మలుపు తిప్పాక స్టీరింగ్ వెనక్కి రాదు.

దీన్ని సరిచేయడానికి మూడు మార్గాలు. రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉన్న ఆఫ్‌సెట్ బుష్‌లు, ఆర్మ్ వెనక కొసని కిందికి దించే బ్రాకెట్లు, కోణం మార్చి చేసిన కొత్త ఆర్మ్‌లు. బుష్‌లు సులువు, 2 అంగుళాల దాకా సరిపోతాయి, కానీ కొన్ని మరీ గట్టి పాలీయురేథేన్‌తో చేస్తారు, యాక్సిల్ మెలితిరగాల్సిన చోట తిరగనివ్వవు. బ్రాకెట్లు కోణాన్ని బాగా సరిచేస్తాయి, కాకపోతే సరిగ్గా రాయి తగిలే చోట కిందికి వేలాడతాయి, నువ్వు లిఫ్ట్ వేయించేది దేనికోసమో గుర్తుపెట్టుకో. ఆర్మ్‌లు అన్నిటికంటే మంచివి, ఖర్చు ఎక్కువ. నీ వాడకానికి నేనైతే బుష్‌లే వేస్తాను, రబ్బరువి దొరికితే రబ్బరువే.

ఇంకొకటి, పోయిన కాస్టర్ మొత్తం తిరిగి తెచ్చుకోవాలని పట్టుపట్టొద్దు. యాక్సిల్‌ని వెనక్కి వాల్చిన కొద్దీ పినియన్ ముక్కు (షాఫ్ట్ వచ్చి యాక్సిల్‌కి కలిసే చోటు) నేలవైపు దిగుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ మీద కోణం పెరుగుతుంది. అక్కడ మంచిది చేస్తే ఇక్కడ చెడుతుంది. బండి తిన్నగా పోయి స్టీరింగ్ మధ్యకి వస్తే చాలు, అక్కడ ఆపు.

కొత్తచక్రం
పాతజీపు అన్నా, లిఫ్ట్ చేసిన బండ్లకి స్టీరింగ్ గజగజ వణుకుతుందని విన్నాను, అది కూడా కాస్టర్ వల్లేనా? స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపు ఆపే చిన్న షాకు) మారిస్తే పోతుంది అంటున్నారు.

పాతజీపు
మంచి ప్రశ్న. ఒక్క కాస్టర్ అనలేం. టైర్ బ్యాలెన్స్ తప్పడం, కింగ్‌పిన్ బేరింగులు వదులవడం, టై రాడ్ ఎండ్ల ఆట, పాన్‌హార్డ్ రాడ్ బుష్ అరగడం, ఇవి ముందునుంచే కొంచెం కొంచెం ఉంటాయి, కంపెనీ ఎత్తులో కనపడవు, లిఫ్ట్ వేసి పెద్ద టైరు ఎక్కించాక ఒక్కసారి బయటపడతాయి. ముఖ్యంగా పాన్‌హార్డ్ బోల్టు రంధ్రంలో ఆట ఉందేమో చూడాలి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ కదుపుతుంటే ఇంకొకరు కింద చూడాలి, కంటికే తెలుస్తుంది. డ్యాంపర్ కొత్తది వేస్తే వణుకు కొన్ని నెలలు దాక్కుంటుంది, అరిగేది లోపల అరుగుతూనే ఉంటుంది. వణుకు వస్తే గట్టిగా బ్రేకు కొట్టకుండా మెల్లగా వేగం తగ్గించి పక్కకి ఆపు.

స్పానర్‌సెట్
4 అంగుళాల విషయానికి వద్దాం, ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి. తమ్ముడూ నీ ఉత్సాహం అర్థమవుతుంది, కానీ 4 అంటే వేరే బండి కట్టినట్టే. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ కోణంలో తిరిగితే షాఫ్ట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని తగ్గించుకుంటుంది, రెండు కొసల్లో కోణాలు సమానంగా ఉంటేనే ఆ తేడా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 4 అంగుళాల్లో కోణాలు పెద్దవీ అవుతాయి, సమానంగానూ ఉండవు, డబుల్ కార్డాన్ షాఫ్ట్ (ఒక కొసలో రెండు క్రాసులు ఉన్నది) వేయాల్సిందే. ఆర్మ్‌లు, స్టీరింగ్ లింకులు, బ్రేక్ పైపులు, అన్నీ మారాలి.

పక్కకి పడే సంగతి కూడా చూడు. ట్రాక్ (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) 1400, బరువు కేంద్రం ఎత్తు 650 అనుకుని లెక్క కడితే 47 డిగ్రీల పక్క వాలులో బండి పడుతుంది. 50 లేపితే 45, 100 లేపితే 43. ఇది కదలకుండా నిలబెట్టిన లెక్క, స్ప్రింగుల మీద బాడీ ఒరుగుతుంది కాబట్టి నిజంగా ఇంకా ముందే పడుతుంది, పైన క్యారియర్ మీద సామాను ఉంటే ఇంకా ముందే. నలుగురు కుటుంబంతో రోడ్డు మీద తిరిగే బండి ఇది.

కొత్తచక్రం
అర్థమైంది అన్నా. నాది ఇంకా కొనలేదు, కొన్నాక టైర్లతోనే మొదలుపెడతా.

రాళ్లదారి
పాన్‌హార్డ్ రాడ్ల దగ్గర నా అభిప్రాయం వేరు, 2 అంగుళాలకి అవి అత్యవసరం కాదు. రాడ్ పొడవు 900, కంపెనీ ఎత్తులో రెండు కొసల మధ్య 60 ఎంఎం తేడా ఉందనుకోండి, 50 లేపాక ఆ తేడా 110 అవుతుంది, యాక్సిల్ పక్కకి జరిగేది 5 ఎంఎం లోపు. ముందు ఒక పక్కకి వెనక ఇంకో పక్కకి జరిగినా నడపడంలో నాకైతే ఎప్పుడూ తెలియలేదు. ఆ డబ్బు మంచి షాకుల మీద పెట్టు.

స్పానర్‌సెట్
5 ఎంఎం లెక్క సరే రాళ్లదారీ, కానీ టైరు స్ప్రింగుకి ఒక పక్క దగ్గరగా రాసుకునే బండ్లు నేను చూశాను, అందుకే ముందు రాడ్ ఒక్కటి అడ్జస్టబుల్ వేస్తాను. వెనకది నీ మాటే, తర్వాత చూసుకోవచ్చు. అయితే ఒక్క పని మాత్రం ఎవరూ చేయొద్దు: ముందు పాన్‌హార్డ్‌ని బ్రాకెట్‌తో దించి స్టీరింగ్ డ్రాగ్ లింక్‌ని (స్టీరింగ్ కదలికని చక్రాలకి చేర్చే కడ్డీని) అలాగే వదిలేయడం. ఆ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, కంపెనీవాళ్లు అలా పెట్టింది ఊరికే కాదు. ఒకటి దిగి ఇంకోటి దిగకపోతే గుంతలో చక్రం లేచిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతటది తిరుగుతుంది.

లిఫ్ట్ తర్వాత స్టీరింగ్ వీల్ కూడా వంకరగా నిలబడుతుంది, డ్రాగ్ లింక్ పొడవు సరిచేసి మధ్యకి తేవాలి. అంతేగానీ వీల్ పీకి తిన్నగా పెట్టుకోవద్దు, స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్ తప్పు చదివి స్టెబిలిటీ కంట్రోల్ అనవసరంగా బ్రేకు వేస్తుంది.

డబుల్‌క్యాబ్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది పికప్, ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), వెనక కమాన్లు. ఇవే సూత్రాలు నాకూ వర్తిస్తాయా?

వానచినుకు
మాదీ అదే అమరికండి. బరువు చూసి స్ప్రింగు ఎంచుకోవడం, షాకు పొడవు, ఇవి మీకూ అంతే. కానీ ముందు పక్క లేపిన కొద్దీ సీవీ జాయింట్లు (చక్రాన్ని తిప్పే షాఫ్ట్ కీళ్లు) కోణంలో తిరుగుతాయి, వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి, పై ఆర్మ్ బాల్ జాయింట్ హద్దుకి వచ్చేస్తుంది. 40, 50 ఎంఎం దాటాలంటే పై ఆర్మ్‌లు మార్చాల్సిందే, మార్చకపోతే అలైన్‌మెంట్ కుదరదు. మేము ముందు పక్క 40 దగ్గర ఆగాం, సీవీలు ఇప్పటికీ బాగున్నాయి.

పాతజీపు
వెనక కమాన్లకి కొత్త సెట్టు వేయించుకోండి. యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య దిమ్మ పెట్టి లేపేస్తారు, ఎత్తైన దిమ్మ పెడితే యాక్సిల్ మెలితిరగడానికి పొడుగు మీట దొరికినట్టు అవుతుంది, ఎక్కుడులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే పట్టీలు ఎస్ ఆకారంలో వంగి వెనక్కి కొడతాయి. ముందు యాక్సిల్‌కి మాత్రం దిమ్మలు ఎప్పుడూ పెట్టొద్దు. షాకిల్ (కమాన్ కొసని ఛాసిస్‌కి కట్టే లింకు) పొడుగుది వేస్తే అందులో సగమే ఎత్తు వస్తుంది, 2 అంగుళాల పొడుగు షాకిల్‌కి 1 అంగుళం. ఇంకో మాట, పాత పికప్పుల్లో వెనక బ్రేకుకి బరువు చూసి ప్రెషర్ మార్చే వాల్వ్ ఉంటుంది, దాని కడ్డీ యాక్సిల్‌కి కట్టి ఉంటుంది. బండి లేపితే ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మీ దాంట్లో ఉంటే కడ్డీ సరిచేయించండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

నాలుగోగేర్
షాకుల రకం గురించి కూడా ఎవరైనా చెప్పండి. నేను రెండోసారి మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్నవి) తీసుకున్నాను, తృప్తిగానే ఉంది.

స్పానర్‌సెట్
మోనోట్యూబ్‌లో ఆయిల్ నేరుగా బయటి గోడకి తగులుతూ ఉంటుంది కాబట్టి వేడి తొందరగా పోతుంది, గ్యాసు వేరే గదిలో ఉంటుంది కాబట్టి ఆయిల్ నురగెత్తదు. గంటల తరబడి గతుకుల దారిలో వేగంగా పోయేవాళ్లకి అదే మంచిది. కానీ రాయి తగిలి గొట్టం సొట్టపడిందంటే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. ట్విన్ ట్యూబ్‌లో బయట సొట్ట పడినా లోపలి గొట్టం బతుకుతుంది, రాళ్లలో మెల్లగా పోయే బండికి నేను ట్విన్ ట్యూబే ఇస్తాను, ఫోమ్ సెల్ (లోపల గ్యాసు బదులు ఫోమ్ ఉండేది) అయితే నురగ సమస్య కూడా తగ్గుతుంది. ఎర్రమట్టి వాడకానికి రిమోట్ రిజర్వాయర్ షాకులు (ఆయిల్ డబ్బా విడిగా ఉండేవి) అక్కర్లేదు. ఏది కొన్నా స్ప్రింగు, షాకు ఒకే సెట్‌లోవి తీసుకో, స్ప్రింగు గట్టిపడితే దాన్ని ఆపే రీబౌండ్ డ్యాంపింగ్ కూడా పెరగాలి, పాత షాకు మీద గట్టి స్ప్రింగు వేస్తే బండి ఎగురుతూనే ఉంటుంది.

ఎర్రమట్టి
ఆరు వారాల తర్వాత వస్తున్నా, అందరికీ అప్‌డేట్ ఇవ్వాలి. కాటా వేయించాక బంపరు, వించి ఏడాది వాయిదా వేశాను, ఎందుకంటే ఖాళీ బండికీ నలుగురితో లగేజీతో ఉన్న బండికీ మధ్య వెనక తేడానే నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ వచ్చింది. ముందు లైట్, వెనక మీడియం స్ప్రింగులు, వాటి సెట్‌లోవే ఫోమ్ సెల్ ట్విన్ ట్యూబ్ షాకులు, రబ్బరు ఆఫ్‌సెట్ బుష్‌లు, బంప్ స్టాప్ స్పేసర్లు, ముందు పాన్‌హార్డ్ ఒక్కటి అడ్జస్టబుల్, పొడుగు బ్రేక్ పైపులు. టైర్లు 215/75 ఆర్15. ఫిట్టింగ్‌కి ముందూ తర్వాతా ఫెండర్ అంచు నుంచి హబ్ మధ్యకి కొలిచాను, ముందు 52, వెనక 47 ఎంఎం లేచింది.

స్పానర్‌సెట్ అన్నా నువ్వు చెప్పినట్టే ఒక పక్క నొక్కి ఇంకో పక్క వేలాడదీసి చూశాం. అప్పుడు దొరికింది, వెనక డిఫరెన్షియల్ బ్రీదర్ పైపు (లోపలి గాలి బయటికి పోయే గొట్టం) బిగుసుకుపోయి ఊడిపోయేలా ఉంది, ముందు ఏబీఎస్ వైరు క్లిప్పు దగ్గర సాగుతోంది. రెండూ అక్కడే సరిచేశారు. ఆ పైపు ఊడి వాగులో దిగితే హౌసింగ్‌లోకి నీళ్లు పోయేవి, తలుచుకుంటేనే గుండె జారింది.

ఒక చిన్న సమస్య మిగిలింది, ఖాళీ బండి గతుకుల మీద నేననుకున్నదానికంటే బిరుసుగా ఉంది. ఇది కొత్త స్ప్రింగులు సర్దుకునేదాకా ఇంతేనా?

స్పానర్‌సెట్
చక్రాలు గాల్లో ఉండగానే ఆర్మ్‌ల బోల్టులు పూర్తిగా బిగించారా?

ఎర్రమట్టి
అవును అన్నా, గ్యారేజీలో బండిని పైకెత్తే లిఫ్ట్ మీద ఉండగానే అన్నీ బిగించేశారు.

స్పానర్‌సెట్
అదే కారణం. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుపోతుంది, తర్వాత కదలికంతా రబ్బరు మెలితిరగడమే. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే బండి నేల మీద నిలబడ్డప్పుడే రబ్బరు మెలితిరిగి ఉంటుంది, రోజూ అలాగే ఉంటే త్వరగా చిరుగుతుంది. అది అదనపు స్ప్రింగులాగా కూడా పనిచేస్తుంది, బిరుసుగా అనిపించేది అందుకే. బండిని నేల మీద నిలబెట్టి, ఆర్మ్‌ల బోల్టులు, పాన్‌హార్డ్‌ల బోల్టులు, షాకుల కింద ఐ బోల్టులు అన్నీ వదులు చేయించి, బంపరు పట్టుకుని బండిని నాలుగుసార్లు ఊపి, అప్పుడు టార్క్ పానాతో కంపెనీ చెప్పిన బిగువుకి బిగించమను. 500 కిలోమీటర్లకి ఇంకోసారి చూపించు. ఆ తర్వాత అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం. నీకు ముందు వెనక కంటే 5 ఎంఎం ఎక్కువ లేచింది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.

ఎర్రమట్టి
చేయించాను అన్నా. బోల్టు వదలగానే ముందు ఎడమ ఆర్మ్ బుష్ దగ్గర ఠక్‌మని శబ్దం వచ్చి బండి ఆ మూల కొద్దిగా దిగింది, ఇప్పుడు ముందు 49, వెనక 46. బిరుసు చాలా తగ్గింది. అలైన్‌మెంట్ కాగితంలో కాస్టర్ 1 డిగ్రీ మాత్రం తక్కువ చూపిస్తోంది, కానీ 90లో కూడా తిన్నగా పోతోంది, స్టీరింగ్ మధ్యకి వస్తోంది.

నిన్న ఆ గట్టు దగ్గరికే వెళ్లాను. లో రేంజ్‌లో మెల్లగా ఎక్కించాను, పైన ఒక్క క్షణం క్రాస్ మెంబర్ మట్టిని రాసినట్టు వినిపించింది, కానీ ఆగలేదు, దిగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా అటునుంచి దాటాను, అప్పుడు అసలేమీ తగల్లేదు.

రాళ్లదారి
సంతోషం తమ్ముడూ. గీత సరిగ్గా ఎక్కడ పడిందో కిందనుంచి ఫోటో తీసి పెట్టు, ట్రాన్స్‌ఫర్ కేస్ డ్రెయిన్ బోల్టుకి దగ్గరైతే అక్కడికి ఒక స్కిడ్ ప్లేటు (అడుగున వేసే రక్షణ రేకు) కొలత ఇస్తాను.